గట్టు వెంటా, మడికి అడ్డంగానా? లీకైన 304 పైపు మీద ఒక కేస్ స్టడీ

విశాఖ తీరంలోని ఒక రసాయన ప్లాంటు నుంచి 2019 ఫిబ్రవరిలో మా ల్యాబ్‌కు జానెడు స్టెయిన్‌లెస్ స్టీలు పైపు ముక్క వచ్చింది. పాత పేపర్లో చుట్టి, మీద బ్రౌన్ టేపు వేసి పంపారు. దాంతోపాటు అంతకుముందే ఇంకో ల్యాబ్ ఇచ్చిన నాలుగు పేజీల రిపోర్టు కూడా పెట్టారు. ఆఖరి పేజీలో రెండు ముక్కల కింద ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంది. వెల్డింగ్‌లో వేడి ఎక్కువై పైపు సెన్సిటైజ్ అయ్యి (తుప్పుకు లొంగేలా మారి) పగిలిందన్నది మొదటిది. లైను మొత్తం 304ఎల్ గ్రేడుకు మార్చాలన్నది రెండోది.

ప్లాంటులో ఇన్‌స్పెక్షన్ చూసే ఇంజనీరు కుర్రాడు. ఫోన్ చేసి, "సార్, ఏప్రిల్ షట్‌డౌన్‌లో పైపులు మార్చేద్దామని కొటేషన్లు కూడా తెప్పించారు. మీరొకసారి చూసి సరేనంటే ఆర్డరు పెట్టేస్తారు" అన్నాడు. ఆ వెల్డరును మూడు వారాలుగా పనిలోకి రానివ్వడం లేదని కూడా అదే ఊపులో చెప్పాడు.

సరేననడం తేలికే. కానీ ముక్కను చేతిలో తిప్పి చూస్తుంటే ఒక సంగతి పొసగలేదు. సెన్సిటైజ్ అయిన చోట తుప్పు తినేస్తే అది సాధారణంగా వెల్డుకు కొన్ని మిల్లీమీటర్ల ఎడంగా, వెల్డుతో సమాంతరంగా ఒక పట్టీలా పోతుంది. వేడి తాకిన పట్టీ అదే కాబట్టి. ఇక్కడ కంటికి కనిపిస్తున్న వెంట్రుక గీతలు వెల్డుకు అడ్డంగా, పైపు పొడవునా ఉన్నాయి. వాటిలో రెండు వెల్డు పూస దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి.

లైను సంగతి

నాలుగంగుళాల పైపు. బయటి వ్యాసం 114.3 మి.మీ., షెడ్యూల్ 10ఎస్ కాబట్టి గోడ మందం 3.05 మి.మీ. గ్రేడు 304. లోపల పారేది డీఎం నీరు, అంటే ఉప్పులన్నీ తీసేసిన నీరు; 80 డిగ్రీల దగ్గర, నాలుగు కిలోల ప్రెషర్‌తో. పైన రాక్‌వూల్ ల్యాగింగ్ (వేడి ఆపడానికి చుట్టే రాతి ఉన్ని), దాని మీద అల్యూమినియం రేకు. 2011లో వేశారు. 2019 జనవరిలో రేకు జాయింట్ నుంచి చుక్క చుక్కగా కారుతుంటే మొదట రెండు రోజులు వాన నీళ్లనుకున్నారట. జనవరిలో విశాఖలో వానెక్కడిది అని ఎవరో షిఫ్టు ఆపరేటరు అడిగాకే రేకు విప్పారు.

విమానం కిటికీలోంచి కోనసీమను చూసినవాళ్లకు స్టీల్లో గ్రెయిన్లంటే, అంటే లోహపు పలుకులంటే, ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. మడులూ, వాటి మధ్య గట్లూ. మడి గ్రెయిన్, గట్టు గ్రెయిన్ బౌండరీ. పగులు ఎక్కడికి పోయినా రెండే దారులు: గట్టు వెంట నడవాలి, లేదా మడికి అడ్డంగా పడి పోవాలి.

సెన్సిటైజేషన్ గట్టుకు పట్టే జబ్బు. 304 పైపులో కార్బన్ 0.08 శాతం దాకా ఉండొచ్చు. వెల్డింగ్ వేడికి 425 నుంచి 850 డిగ్రీల మధ్య కాసేపు నిలిచిన చోట ఆ కార్బన్ పక్కనున్న క్రోమియాన్ని లాక్కుని గట్ల మీద కార్బైడ్‌గా పేరుకుంటుంది. స్టెయిన్‌లెస్‌ను కాపాడేదే క్రోమియం. అది పోయిన సన్నటి పట్టీ మేర గట్టు బలహీనపడుతుంది. తుప్పయినా పగులైనా దాని వెంటే పోతుంది. ఈ జబ్బుకు 304ఎల్ మంచి మందే. అందులో కార్బన్ తక్కువ.

క్లోరైడ్ వల్ల వచ్చే స్ట్రెస్ కొరోజన్ పగులు వేరే జాతి. వేడి, తడి, కాస్త క్లోరైడ్ (ఉప్పులో ఉండేదే), లోహంలో లాగుడు, ఈ నాలుగూ ఒకచోట కలిస్తే చాలు, మడికి అడ్డంగా పడి కొమ్మలు కొమ్మలుగా చీల్చుకుంటూ పోతుంది. దానికి కార్బన్‌తో పని లేదు. నికెల్ 8, 10 శాతం మధ్య ఉన్న స్టీళ్లు దీనికి అందరికన్నా ముందు లొంగుతాయి. 304లో నికెల్ అంతే, 304ఎల్‌లో కూడా అంతే. కాబట్టి మొదటి రిపోర్టు తప్పయిన పక్షంలో, కోటేషన్లు పిలిచి మరీ కొంటున్న కొత్త పైపులు అదే ర్యాక్ మీద అలాగే పగులుతాయి. నన్ను నిద్రపోనివ్వనిది అదే.

మొదటి ముక్క

పగిలిన పైపును ల్యాబ్‌కు పంపేముందు అందరూ చేసే మంచిపని ఒకటుంది. శుభ్రం చేస్తారు. ఈ ముక్కను కూడా వైరు బ్రష్‌తో రుద్ది, డీపీ టెస్టు (పగుళ్లు కనిపించేలా ఎర్ర రంగు పట్టించే పరీక్ష) చేసి, క్లీనర్‌తో తుడిచి పంపారు. పగుళ్లలో ఇంకా ఎర్ర రంగు కనిపిస్తూనే ఉంది. ఇలాంటి ముక్కలో ఏం రసాయనం ఉందో వెతకడం దండగ. పైపు మీద ఉన్న ఉప్పు తుడుచుకుపోయి ఉంటుంది, లేదా తుడిచిన మందులోంచి కొత్తది వచ్చి చేరి ఉంటుంది. కానీ పగులు నడిచిన దారిని ఎవరూ బ్రష్‌తో మార్చలేరు. అందుకని ఈ ముక్కను దారి చూడటానికే వాడుకుందామని నిర్ణయించుకున్నాం.

ఎక్కడ కోయాలన్నది మొదటి ప్రశ్న, ముఖ్యమైనది కూడా. పాత రిపోర్టు ఫొటోలు మళ్లీ చూశాను. వాళ్లు వెల్డు అంచుకు ఆనుకుని ఒక్క సెక్షనే తీశారు. ఆక్సాలిక్ ఆసిడ్‌లో పూర్తిగా 90 సెకన్లు ఎచ్ చేశారు, అంటే పాలిష్ చేసిన ముఖాన్ని ఆసిడ్‌తో తినిపించారు. ఆ ఎచింగ్ సెన్సిటైజేషన్ ఉందా లేదా చెప్పడానికి పెట్టిన పరీక్ష. చదరపు సెంటీమీటరుకు ఒక ఆంపియర్ చొప్పున కరెంటు పెట్టి గట్లను కందకాల్లా తవ్వేస్తుంది. ఫొటోలో నిజంగానే గట్లన్నీ నల్లటి కందకాల్లా ఉన్నాయి. ఆ నల్ల వలలో కొన్ని మైక్రాన్ల వెడల్పున్న పగులు ఎటు పోయిందో ఎవరికి కనిపిస్తుంది? పగులు గట్టు వెంట ఉన్నట్టే అనిపిస్తుంది, ఎందుకంటే కనిపిస్తున్నవి గట్లే.

మేం ఏడు సెక్షన్లు తీశాం. వెల్డు పక్కన రెండు, అక్కడి నుంచి దూరం జరుగుతూ మిగతావి. కటాఫ్ వీల్ మీద నెమ్మదిగా, వేడెక్కకుండా. ఎపాక్సీలో పెట్టి వాక్యూమ్ పట్టించాం, పగులు లోపలికి కూడా రెసిన్ దిగేలా. అలా చేయకపోతే పాలిష్ చేసేటప్పుడు పగులు అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, తర్వాత లోపల దాక్కున్న నీళ్లు బయటికి ఊరి మచ్చలు పడతాయి.

304ను పాలిష్ చేయడం ఓపిక పని. మెత్తన, జిగురు. చేత్తో కాస్త గట్టిగా అదిమితే పైన లోహం సాగి పగులు నోటిని మూసేస్తుంది. అద్దంలా మెరుస్తుంది గానీ అబద్ధం చెబుతుంది. 220, 320, 400, 600, 800, 1200 పేపర్లు, ప్రతి పేపరుకూ ముక్కను అడ్డం తిప్పి, ముందరి పేపరు గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి దానికి వెళ్లాలి. తర్వాత 6, 3, 1 మైక్రాన్ డైమండ్ పేస్టు. చివర్లో నీళ్లతో కాకుండా ఆల్కహాల్‌తో కడిగి వేడిగాలి పట్టించాలి. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు 600 దగ్గర తొందరపడతారు. అక్కడ మిగిలిన ఒక్క గీత చాలు, వంద రెట్ల దగ్గర దాన్నే పగులనుకుని గంటసేపు చర్చిస్తాం.

ఎచ్ చేయకముందే చూశాను. ఈ పనిలో నాకున్న పట్టింపు ఇదొక్కటే: ఉత్త పాలిష్ మీద చూడాల్సిందంతా చూసి, ఫొటోలు తీసుకున్నాకే ఎచింగ్ సీసా మూత తీయాలి. తెల్లటి మైదానంలో పగులు ఒక్కటే నల్లగా కనిపిస్తుంది, పోటీకి ఇంకేమీ ఉండదు.

వంద రెట్ల దగ్గర కనిపించినది ఎండు కొమ్మ. బయటి గోడ మీద చిన్న పిట్ ఒకటి, తుప్పు తిన్న గుంట. దాని అడుగు నుంచి ఒక కాండం లోపలికి దిగింది. గోడ మందంలో పావు వంతు దాటాక రెండుగా చీలింది, ఆ రెండూ మళ్లీ చీలాయి. కొమ్మలు దాదాపు పక్కకు తిరిగి, మళ్లీ లోపలి వైపు మళ్లాయి. చివర్లు ఎంత సన్నగా ఉన్నాయంటే 500 రెట్ల దగ్గర కూడా ఫోకస్ అటూ ఇటూ తిప్పితే గానీ దొరకలేదు. ఏడు సెక్షన్లలో ఏ ఒక్కదానిలోనూ లోపలి గోడ నుంచి మొదలైన పగులు లేదు. అన్నీ బయటి నుంచి లోపలికే. ఇక డీఎం నీటిని కేసులోంచి విడుదల చేయొచ్చు.

అప్పుడు ఎచ్ చేశాం. అదే పది శాతం ఆక్సాలిక్, కానీ 90 సెకన్లు కాదు, పది పన్నెండు సెకన్లే, గట్లు కనిపించీ కనిపించనట్టుగా. 304లో ఒక సౌకర్యం ఉంది. గ్రెయిన్ల లోపల ట్విన్లు ఉంటాయి, మడిలో నాగలి చాళ్లలా తిన్నటి జంట గీతలు. పగులు ఆ చాళ్లను కోసుకుంటూ పోతే అది గట్టు మీద లేదని వేరే సాక్ష్యం అక్కర్లేదు.

కోసుకుంటూనే పోయింది. ఒక ఫీల్డులో ప్రధాన పగులు వరసగా ఐదారు గ్రెయిన్లకు అడ్డంగా పడింది. గట్టు ఎదురైతే దాని వెంట తిరగలేదు, కొద్దిగా వంగి అవతలి మడిలో దిగింది.

మొదటి ల్యాబ్ చూసినది మొత్తం అబద్ధం కాదని కూడా ఇక్కడే తేలింది. వెల్డు పక్కన తీసిన రెండు సెక్షన్లలో పగులు నోటి దగ్గర రెండు మూడు గ్రెయిన్ల లోతు వరకు అది గట్టు వెంటే నడిచింది. అక్కడ కొద్దిపాటి సెన్సిటైజేషన్ ఉంది మరి. తేలికైన దారి దొరికితే పగులైనా కాదంటుందా? లోతుకు దిగాక, సెన్సిటైజ్ అయిన గట్లు ఇంకా పక్కనే ఉన్నా వాటిని వదిలేసి మడుల్లో పడింది. పగులు కథ నోటి దగ్గర చదవకూడదు. నోరు పాతది, తుప్పు తిని వెడల్పయినది, ఎవరెవరో వేలు పెట్టినది. చివర ఉన్నదే తాజా నడక.

వెల్డు పూస దగ్గర ఎందుకు ఆగిందంటే, ఆ లోహంలో డెల్టా ఫెర్రైట్ అనే వేరే రకం గ్రెయిన్ కొద్దిగా ఉంటుంది, ఎచ్ చేస్తే పురుగులు పాకినట్టు కనిపిస్తుంది. క్లోరైడ్ పగులుకు ఫెర్రైట్ సులువుగా లొంగదు. నేరం మోపింది వెల్డరు మీద. పగులును ఆపింది అతని వెల్డు.

లాగుడు ఎక్కడిది?

స్ట్రెస్ కొరోజన్ అనగానే మేనేజర్లు అడిగే మొదటి ప్రశ్న: ప్రెషర్ ఏమీ లేదు కదా, స్ట్రెస్ ఎక్కడి నుంచి వచ్చింది? న్యాయమైన ప్రశ్నే, లెక్క కూడా చిన్నదే. నాలుగు కిలోల ప్రెషర్‌కు ఈ పైపు గోడలో చుట్టూ పుట్టే లాగుడు చదరపు మిల్లీమీటరుకు ఏడు న్యూటన్ల పైచిలుకు. 304 శాశ్వతంగా సాగడం మొదలుపెట్టడానికి కనీసం 205 కావాలి. అంటే నీటి ప్రెషర్ దాదాపు లెక్కలోకి రాదు.

కానీ గుండ్రంగా వేసిన వెల్డు చల్లారుతూ ముడుచుకుంటుంది, చుట్టూ ఉన్న పైపు దాన్ని ముడుచుకోనివ్వదు. ఆ పెనుగులాటలో చుట్టుదిశలో మిగిలిపోయే లాగుడు ఆ 205 దరిదాపుల్లోకి వెళ్తుంది. లాగుడు చుట్టుదిశలో ఉంటే పగులు దానికి అడ్డంగా, అంటే పైపు పొడవునా పడాలి. మొదటి రోజు చేతిలో తిప్పి చూసినప్పుడు పొసగనిది ఇప్పుడు పొసిగింది.

రెండో ముక్క

దారి తెలిసింది, బయటి నుంచని తెలిసింది. క్లోరైడ్ అని చెప్పడానికి ఇంకా చేతిలో ఏమీ లేదు. దారి చూసి ఊహించగలం, కానీ ఒక లైను మొత్తం మార్చే నిర్ణయాన్ని ఆకారం చూసి ఆపమంటే ఎవరూ ఆపరు, ఆపకూడదు కూడా.

ఇన్‌స్పెక్షన్ కుర్రాడికి ఫోన్ చేశాను. "ఇంకో ముక్క కావాలి. ల్యాగింగ్ విప్పొద్దు, తుడవొద్దు, డీపీ చేయొద్దు. రేకు, ఉన్ని, పైపు అన్నీ కలిపి అలాగే కోసి, ప్లాస్టిక్ సంచిలో కట్టి పంపండి. కూలెంట్ నీళ్లు పడకూడదు." అవతల కాసేపు నిశ్శబ్దం. "సార్, నీళ్లు లేకుండా కోయాలంటే హ్యాక్‌సా పట్టుకోవాలి." పట్టుకోమన్నాను. చేత్తో కోసి, చేతులు బొబ్బలెక్కాయని ఫొటో కూడా పంపాడు.

రేకు విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. పైపు పై భాగంలో ఉన్ని పొడిగా, పసుపు పచ్చగా ఉంది. అడుగు భాగంలో ముదురు గోధుమ రంగు, చేతికి తడి తగలకపోయినా బరువుగా, అట్టకట్టి ఉంది. పైపు అడుగున, ఆ అట్ట ఆనుకున్న చోట, తెల్లటి పొర. దాని మధ్యలో తుప్పు చుక్కలు. ఆ ముక్కలో వెల్డు లేదు. దగ్గరలో ఉన్న వెల్డు అరమీటరు దూరం. అయినా ఆ తెల్లపొర కింద పగుళ్లున్నాయి. పైపు తయారీలో తిన్నగా సాపు చేసేటప్పుడు మిగిలిన లాగుడే వాటికి చాలినట్టుంది. వెల్డే లేని చోట పగిలిన పైపుకు వెల్డరును బాధ్యుణ్ని చేయడం కుదరదు కదా.

తెల్లపొర మీద డీఎం నీటిలో తడిపిన దూదిని అద్ది, ఆ దూదిని గాజు గొట్టంలో పిండి, రెండు చుక్కలు నైట్రిక్ ఆసిడ్, ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేశాను. చుక్క పడ్డ చోటు నుంచి తెల్లటి తెర అడుగు దాకా దిగింది, చూస్తుండగానే గొట్టం మొత్తం పలచటి మజ్జిగలా అయిపోయింది. స్టోర్‌లోని కొత్త ఉన్నిని డీఎం నీటిలో ఉడికించి అదే పరీక్ష చేస్తే నీరు దాదాపు తేటగానే ఉంది. అడుగు భాగపు ఉన్ని మాత్రం మళ్లీ మజ్జిగే. తెల్లబడిందంటే క్లోరైడ్ ఉన్నట్టు. ఇది తూకం కాదు, సైగ. కానీ ఏ మీటరూ చెప్పలేనంత స్పష్టమైన సైగ.

ఉప్పు మన ఇళ్లల్లో చేసే పనే ఇక్కడా చేసింది. వానాకాలం ఉప్పు జాడీ చెమరుస్తుంది చూడండి, అది చాలావరకు అందులో కలిసి ఉన్న మెగ్నీషియం క్లోరైడ్ పని. గాలిలో ఓ మోస్తరు తేమ ఉన్నా అది తనంతట తానే తడవగలదు. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పులో అదీ ఉంటుంది. 80 డిగ్రీల గోడ మీద నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. మళ్లీ తడి వస్తుంది, మళ్లీ ఆవిరవుతుంది. ఏళ్ల తరబడి వంటగిన్నె అడుగున ఉప్పునీళ్లు మరిగించినట్టు. ఈ జాతి పగుళ్లను ల్యాబ్‌లో కావాలని పుట్టించడానికి వాడే ప్రామాణిక పరీక్ష కూడా మరుగుతున్న మెగ్నీషియం క్లోరైడ్‌లోనే, 155 డిగ్రీల దగ్గర.

మా తప్పు

ఇక ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు. దీనికి ఈడీఎస్ తగిలించి ఉంటుంది. ఎలక్ట్రాన్లు తగిలిన చోట ఏ మూలకాలున్నాయో శిఖరాల వరసగా గీసి చూపిస్తుంది. క్లోరిన్ శిఖరం 2.62 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వస్తుంది. మొదటి మౌంట్ (ఎపాక్సీలో బిగించిన సెక్షన్) లోపల పెట్టి పగులు మీద గురిపెట్టగానే ఆ చోట కొబ్బరి చెట్టంత శిఖరం లేచింది. గదిలో ఉన్న ముగ్గురం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. ప్లాంటుకు వెంటనే ఫోన్ చేయాలనిపించింది.

చేయలేదు, ఎందుకంటే శిఖరం మరీ ఎక్కువ ఎత్తుంది. మా అసిస్టెంటును మౌంట్ ఎలా తయారుచేశావని అడిగాను. ట్విన్లు ఇంకా బాగా కనబడాలని ముందురోజు గ్లిసరీజియాతో ఎచ్ చేశానన్నాడు. గ్లిసరీజియా అంటే గ్లిజరిన్, నైట్రిక్, హైడ్రోక్లోరిక్. హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పగులులోకి పీల్చుకుపోయి, అక్కడే కూర్చుని, మాకు చేయూపింది. మేం మైక్రోస్కోపులో చూసి మురిసిపోయింది మా సొంత సీసాలోని క్లోరిన్‌ను. అతణ్ని అనాల్సింది పెద్దగా లేదు. రసాయన పరీక్షకు పోయే మౌంట్ల మీద ఏం వాడకూడదో రాసి అంటించాల్సింది నేను. ఆక్సాలిక్ గానీ నైట్రిక్ గానీ అయితే ఈ గొడవే ఉండేది కాదు. ఇంకా చెప్పాలంటే మౌంట్ వేసే ఎపాక్సీలో కూడా కొద్దిగా క్లోరిన్ ఉండొచ్చు. వేలి చెమటలో సరేసరి.

ఆ ఫలితాన్ని రికార్డులో ఉంచి, అడ్డంగా కొట్టేసి, కారణం పక్కన రాశాం.

రెండోసారి మౌంటూ లేదు, పాలిషూ లేదు. ఎవరూ తాకని రెండో ముక్కలో, పగులున్న చోటికి వెనక వైపు నుంచి పొడి హ్యాక్‌సాతో గాటు పెట్టి, వైస్‌లో బిగించి, చేతి తొడుగులతో పట్టుకుని వంచి విరిచాం. విరిగిన ముఖం రెండు రంగుల్లో ఉంది. బయటి గోడ వైపు మట్టి రంగు, అది పాత పగులు. లోపలి వైపు వెండిలా మెరుస్తున్నది మేం ఇప్పుడు చింపినది.

మట్టి రంగు భాగంలో, ఎండిన చెరువు అడుగులా నెర్రెలిచ్చిన తుప్పు పొర. అది రాలిన చోట్ల విసనకర్ర ఆకారంలో, ఈకల్లా సన్నటి గీతలున్న చదును ముఖాలు. గ్రెయిన్లు గట్ల దగ్గర విడిపోయుంటే కనిపించే పటికబెల్లం పలుకుల ఆకారం ఎక్కడా లేదు. మేం చింపిన భాగంలో మాత్రం గుంటలు గుంటలుగా, సాగి తెగిన మామూలు స్టీలు. 304 తనంతట తాను సాగే లోహం. దాన్ని సాగకుండా విరిచినది ఏదో బయటిదే.

క్లోరిన్ శిఖరం మళ్లీ కనిపించింది. ఈసారి కొబ్బరి చెట్టు కాదు, మొక్క. పగులు నోటి దగ్గర నుంచి లోపలి కొన దాకా అన్నిచోట్లా ఉంది. మేం చింపిన మెరిసే భాగం మీద గురిపెడితే లేదు. ఈ లేకపోవడమే నాకు కావలసిన సాక్ష్యం. దానితోపాటు మెగ్నీషియం కొద్దిగా, సోడియం కొద్దిగా. సోడియం విషయంలో ఒక అరగంట ఆగాల్సి వచ్చింది. దాని శిఖరం 1.04 దగ్గర, జింకుది 1.01 దగ్గర, రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ల్యాగింగ్ కట్టినది జీఐ తీగతో, అంటే జింకు పూత ఉన్న తీగతో. జింకే అయితే 8.64 దగ్గర దానికి ఇంకో పెద్ద శిఖరం ఉండాలి. వెతికితే లేదు. సోడియమే.

మేస్త్రి చెప్పినది

ఉప్పు సరే, అంత ఉప్పు ఎలా చేరిందన్నది మైక్రోస్కోపు చెప్పే మాట కాదు. ప్లాంటుకు వెళ్లి ర్యాక్ వెంట నడిచాను. పగిలిన చోట్లన్నీ ఒకే వంద మీటర్ల బిట్టులో ఉన్నాయి. మిగతా లైను కూడా అదే గాలిలో ఉంది, అదే వేడి. ఈ ముక్కకే ఏమైంది?

ల్యాగింగ్ పని చేసే మేస్త్రికి అరవై ఏళ్లుంటాయి. ప్లాంటు కట్టినప్పటి నుంచి అక్కడే ఉన్నాడు. "మేస్త్రీ, ఇక్కడ రేకులు ఎప్పుడైనా మార్చారా?" అని అడిగాను.

"మార్సడమేటి బాబూ, తుపానుకి అన్నీ ఎగిరిపోనాయి కదా. ఉన్ని తడిసి ముద్దయిపోనాది. కొత్తది తెమ్మంటే అప్పుడెవుడు తెస్తాడు? ఎండలో ఆరబెట్టి అదే సుట్టీసినాం."

తుపానంటే హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది. అప్పట్లో ఊళ్లో కరెంటు రావడమే గగనమైంది. రాక్‌వూల్ కట్టల కోసం ఎవరూ ఆగే స్థితిలో లేరు. ప్లాంటును మళ్లీ నడపాలి, ఉన్నది చుట్టారు. నీరు ఆరింది, ఉప్పు ఆరదు. పైగా తొందరలో వేసిన రేకుల జాయింట్లు కొన్ని పైకి తిరిగి ఉన్నాయి, పక్కకు కిందకు తిరగాల్సినవి. సీలెంట్ ఎండి ఊడిపోయింది. తర్వాత నాలుగేళ్ల వానలు, మంచు, సముద్రపు గాలి ఆ సందుల్లోంచి లోపలికి దిగుతూనే ఉన్నాయి. మేస్త్రిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆ మాట అతను దాచలేదు, ఐదేళ్లలో ఎవరూ అడగలేదంతే.

ఏం చేయమన్నాం

304ఎల్ ఆర్డరు ఆపమన్నాం. 316ఎల్ అయితే కాస్త మేలు, అంతేగానీ దానికి కూడా అభయం లేదు; అది పెడదామన్న ప్రతిపాదన వస్తే ఖర్చుకు తగ్గ ఫలితం ఉండదని చెప్పాం. పగిలిన వంద మీటర్లలో పైపు మార్చక తప్పదు. అక్కడ మళ్లీ 304నే వేసుకోవచ్చు, కానీ ల్యాగింగ్ కింద వట్టి పైపు వదలకూడదు. ఆ వేడికి తట్టుకునే ఎపాక్సీ ఫినాలిక్ పూత వేయాలి, లేదా పైపుకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి దాని మీద ల్యాగింగ్ వేయాలి. ఫాయిల్ పాత చిట్కాయే: ఉప్పునీరు చేరినా ముందు అల్యూమినియమే తుప్పు పట్టి, స్టీలును కాపాడుతుంది. కొత్త ఉన్ని కొనేటప్పుడు కరిగే క్లోరైడ్ ఎంతో టెస్టు సర్టిఫికెట్ అడగాలి. రేకు జాయింట్లు, పైపును ఎదురుగా గడియారంలా చూస్తే, మూడు, తొమ్మిది గంటల కింద పడేలా తిప్పాలి.

ఇంకో సూచన అందరికీ నచ్చింది, ఖర్చు లేనిది కాబట్టి. లైనులో ఒక భాగానికి ల్యాగింగ్ వేసింది వేడి కాపాడడానికి కాదు, నడిచేవాళ్ల చెయ్యి కాలకుండా. అక్కడ ల్యాగింగ్ పీకేసి వైరు మెష్ గార్డు పెడితే చాలు. గాలి తగులుతుంది, వాన కడిగేస్తుంది, ఉప్పు అట్టకట్టదు.

మీటింగులో ఒకరు, అరవై డిగ్రీల లోపు నడిపితే సరిపోదా అని అడిగారు. ఆ అరవై పరిశ్రమలో వాడుకలో ఉన్న లెక్క, చాలావరకు పనికొస్తుంది. కానీ 1985 మే 9న స్విట్జర్లాండ్‌లోని ఊస్టర్‌లో ఒక ఈతకొలను పైకప్పు కూలి 12 మంది చనిపోయారు. కాంక్రీటు సీలింగును పట్టుకున్న స్టెయిన్‌లెస్ కడ్డీలు ఇదే రకం పగుళ్లతో తెగాయి. అక్కడున్నది మామూలు ఈతకొలను గది వెచ్చదనమే; కొలను నీటి క్లోరిన్ ఆవిర్లు కడ్డీల మీద పేరుకుని ఆ పని చేశాయి. ఉప్పు తగినంత చిక్కబడితే వేడి తక్కువైనా ఫర్వాలేదనుకుంటుంది. ఉష్ణోగ్రత తగ్గించుకుంటే తగ్గించుకోండి, పూత మాత్రం మానొద్దన్నాను.

రిపోర్టు ఇచ్చిన నెలకు, మేం ముందే అడిగిన మొదటి ల్యాబ్ మౌంట్ కొరియర్లో వచ్చింది. పంపినందుకు వాళ్లకు ఫోన్ చేసి థాంక్స్ చెప్పాను, అందరూ పంపరు. కేసు అయిపోయింది కాబట్టి తొందరేమీ లేదు. ఒక సాయంత్రం కూర్చుని ఆ కందకాలన్నీ పోయేదాకా 1200 పేపరు మీద, తర్వాత డైమండ్ మీద నెమ్మదిగా తిప్పాను. ఎచ్ చేయకుండా మైక్రోస్కోపు కింద పెట్టాను. వెల్డు అంచు నుంచి రెండు మిల్లీమీటర్లు జరిపేసరికి ఎండు కొమ్మ కనిపించింది. పది సెకన్లు ఎచ్ చేసి మళ్లీ చూస్తే, ఒక ట్విన్ మీదుగా, రెండు చాళ్లనూ కోసుకుంటూ, మడికి అడ్డంగా పోయి ఉంది.